కంప్యూటర్‌కి మూఢం తప్పించిన ఘనుణ్ణి

మా చెల్లెలి ఉద్యోగానికి నేను చేసిన సాయం గురించి చెబుతాను. ఇది చదివాక మీ ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాడెవడైనా ఉంటే వాణ్ణి కాస్త అనుమానంగా చూడండి. రాబోయే ఉద్యోగం రాకుండా పోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ నేనొక్కణ్ణే, ఎంతో శ్రద్ధగా చేశాను.

మాది ఒడిశాలోని రాయగడ. ఇంటి ముందు గదిలో ఆన్‌లైన్ సెంటర్ పెడదామని కొత్త కంప్యూటర్ కొన్నాను. అప్పటికి కంప్యూటర్ గురించి నాకు తెలిసింది తక్కువ, తెలుసని చెప్పుకున్నది ఎక్కువ. వీధిలో ఎవరి ఫోన్ మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవారు. నేను గంభీరంగా అటూ ఇటూ తిప్పి చూసి, ఆపి, మళ్లీ ఆన్ చేసి ఇచ్చేవాణ్ణి. ఆ ఒక్క విద్యతోనే ఇంజినీరంత పేరు సంపాదించాను.

మా చెల్లెలు సుజాత అప్పట్లో బిస్సమ్ కటక్‌లో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పేది. తెల్లారకుండా బస్సెక్కితే చీకటి పడ్డాక ఇంటికి చేరేది. జేకేపూర్‌లో ఒక స్కూలుకి టీచర్ కావాలని ప్రకటన పడింది. మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లి వచ్చేంత దూరం. దరఖాస్తు ఈమెయిల్‌లో పంపాలి. సుజాత ఆ రోజే ఫోన్‌లో పంపేయబోతే నేనే ఆపాను.

"ఉండవే అమ్మీ, కొత్త కంప్యూటర్ వస్తంది. నా సెంటర్‌కి బోణీ నీ దరఖాస్తే."

"ఆఖరి తేదీ దగ్గరకొచ్చీసింది అన్నియ్యా."

"ఉద్యోగం ఎవులైనా ఫోన్‌లో అడుగుతారేటే? మనకంటూ ఒక మర్యాద ఉండొద్దూ?"

నా మర్యాద కోసం అది ఆఖరి రోజు దాకా ఆగింది. ఆ రోజు సెలవు కూడా పెట్టింది. సాయంత్రం అయిదింటికి గడువనగా, పొద్దున్న కంప్యూటర్ వచ్చింది. పెట్టె విప్పుతుంటే అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒరే సింహాచలం, మూఢం నడుస్తంది. కొత్త మిషనికి కరెంటియ్యకు."

మూఢంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు చెయ్యరని మీకూ తెలుసు. మా అమ్మ కొత్త చీపురు కూడా పట్టుకోదు.

"ఎప్పుడెల్లిపోద్దమ్మా ఈ మూఢం?"

"ఇంకా నెల్లాళ్లుంటాది. తొందరేటి?"

సుజాత మొహం వాడిపోయింది. అప్పుడు నాకు తట్టిందండీ ఆలోచన! అలాంటివి నాకే ఎందుకు తడతాయో ఇప్పటికీ తెలీదు. పంచాంగం తెమ్మన్నాను. మూఢం రాకముందు ఒక మంచి రోజు వెతికించాను. కంప్యూటర్ ఆన్ చేసి, దాని తేదీని రెండు నెలలు వెనక్కి తిప్పి ఆ రోజు మీద పెట్టాను. తన తేదీ తానే దిద్దుకునే ఏర్పాటు అందులో ఉంటే, అది కూడా ఆపేశాను.

"ఇటు సూడమ్మా. బయట మూఢం గానీ, దీని లోపల లేదు."

అమ్మ కళ్లజోడు పెట్టుకుని తెర మూల తేదీ చూసింది. పంచాంగం చూసింది. మళ్లీ తెర చూసింది.

"గురువారం, పంచమి. అయితే మంచిదే. ఉండు, బొట్టెడతాను."

బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు కొన్ని కీబోర్డు మీద పడ్డాయి గానీ ఆ సంగతి వదిలేద్దాం. సుజాత రాసిచ్చిన దరఖాస్తు టైపు చేసి, సర్టిఫికెట్లు జత చేసి, ముగ్గురం దణ్ణం పెట్టుకున్నాక, 'పంపు' అన్నచోట నొక్కాను.

పోలేదు. యాంటీవైరస్ ఎర్రటి పెట్టె ఒకటి తెర మీద పడేసింది. 'ఈ సర్వర్ గుర్తింపు పత్రం ఇంకా చెల్లుబాటులోకి రాలేదు. మెయిల్ ఆపేశాం' అని దాని భావం. ఆ రెండు ముక్కల్లో నేను చదివింది ఆపేశాం అన్నది మాత్రమే. ఆ గుర్తింపు పత్రం పుట్టింది మొన్న మొన్ననే. నా కంప్యూటరేమో రెండు నెలల కిందట బతుకుతోంది. పాపం, అది ఉన్న మాటే చెప్పింది.

కంప్యూటర్ అమ్మిన పాణిగ్రాహి బాబుకి ఫోన్ చేశాను. ఆయన ఒడియా మనిషి, మాతో మా భాషే మాట్లాడతాడు.

"బాబూ, నువ్వేసిన యాంటీవైరస్ మా మెయిల్‌ని ఎల్లనివ్వట్లేదు."

"ఆరే భాయి, కొత్త మిషను కదా. డేటు సూసేవా?"

"డేటు బెమ్మాండంగా ఉంది బాబూ. పంచాంగం ఎదరెట్టుకుని సూసేం."

"హఉ హఉ, సరే సరే. అయితే నెట్ సూడు."

నెట్ చూశాను. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. నా విద్య ప్రకారం ఆపి ఆన్ చేశాను, ఆన్ చేసి ఆపాను. మధ్యాహ్నం దాటింది. సుజాత అన్నం ముట్టలేదు.

"అన్నియ్యా, నీకు దణ్ణమెడతాను, ఫోన్లోంచి పంపీనీ."

"నోరుమూస్కో అమ్మీ. ఒక సాఫ్టువేరుకి నాను బయపడతానేటి?"

భయపడలేదు. యాంటీవైరస్ ఆపేశాను. ఫైర్‌వాల్ కూడా ఆపేశాను. దొంగ ఇంట్లోనే ఉంటే కాపలావాళ్లని తన్ని తగలేసినట్టయింది. ఈసారి మెయిల్ సాఫ్టువేరే అడిగింది, 'ఈ సర్వర్‌ని నమ్మలేం, అయినా పంపమంటారా?' అని. పంపమన్నాను. అయిదవడానికి కొద్ది నిమిషాలుందనగా మెయిల్ వెళ్లిపోయింది. నేను మీసం దువ్వాను. అమ్మ నాకు దిష్టి తీసింది.

వారమైనా జవాబు లేదు. సుజాత స్కూలుకి ఫోన్ చేస్తే నీ దరఖాస్తే రాలేదన్నారు. అది ఏడ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మర్నాడు అక్కణ్ణుంచే ఫోన్ వచ్చింది. "దొరికింది. రేపు ఒకసారి రండి, కొంచెం మాట్లాడాలి" అన్నారు. ఆ గొంతు నాకు నచ్చలేదు. తోడుగా నేనూ వెళ్లాను.

ప్రధానోపాధ్యాయురాలు పర్లాకిమిడి వైపు మనిషి, మా తెలుగే మాట్లాడతారు. మెయిల్ అచ్చు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది పాత ఉత్తరాల అడుగున దొరికింది. ఏటమ్మా ఇది? మేం ప్రకటన ఇచ్చింది ఈ నెల్లో. నీ దరఖాస్తు రెండు నెలల కిందటిది. పైగా 'మీ ప్రకటన చూసి' అని రాసేవు. అప్పటికి మా పాత టీచరు మానతానని కూడా అన్లేదు. ఆవిడకే తెలీని సంగతి నీకెవులు సెప్పేరు? మా ఆఫీసులో ఎవులున్నారు మీకు?"

సుజాత నా వైపు చూసింది. జన్మలో అలాంటి చూపు నేను చూడలేదు. నాకు నిజంగా భయమేసింది. నేను తిప్పిన తేదీయే మెయిల్ మీద పడిందని, నా గొప్ప కోసం దాని పొట్ట కొట్టానని అప్పుడు తెలిసింది.

"ఆఫీసులో ఎవులూ లేరండి. మూఢమండి."

"ఏటి?"

మొత్తం చెప్పాను. పంచాంగం, పంచమి, బొట్టు, కొబ్బరినీళ్లు, ఏదీ దాచలేదు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారేమో అనుకున్నాను.

"మా కొత్త స్కూలు బస్సు కూడా షెడ్డులోనే ఉంది బాబూ. మూఢం ఎల్లీదాకా తియ్యొద్దన్నారు మా సెక్రటరీ గారు. ఆయనకి నీ ఉపాయం సెప్పమంటావేటి?" అని కళ్లు తుడుచుకుని, సుజాత చేత అక్కడే ఒక పాఠం చెప్పించుకుని విన్నారు. "బాగా సెప్పేవమ్మా. సోమవారం నుంచి రా" అన్నారు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాం. అమ్మ సంతోషంతో సుజాత బుగ్గలు నిమిరింది. అంతలోనే మొహం ముడుచుకుంది.

"సోమవారమా? మూఢం ఇంకా ఎల్లలేదు గదా! ఒరే, ఆ ఇస్కూల్లోనూ కంప్యూటరుంటాది గదా. నువ్వోపాలి ఎల్లి..."

నేను వీధిలోకి పరుగెత్తాను. ఆ పరుగులోనే ఒట్టు వేసుకున్నాను. ఇకమీదట గ్రహాల పనిలో గానీ, యాంటీవైరస్ పనిలో గానీ వేలు పెట్టను. మా గోడ గడియారం ఆగిపోయి చాలా రోజులైంది. దానికి కొత్త సెల్ వెయ్యమని సుజాత రోజూ అంటుంది. టైము దిద్దే పని నాకొద్దు, నువ్వే చేసుకో అన్నాను.