అక్రోటు మానుకి చుట్టిన తాడు

స్తానా ముసలమ్మ ఎప్పుడు పోతుందా అని మిన్యో కాచుకుని కూర్చున్నాడని ట్రోయన్ కొండల కింద ఆ ఊళ్ళో అందరూ చెప్పుకునేవారు. రొట్టెల కొట్టు నడిపే కునా అయితే పక్కన నిలబడి చూసినట్టే చెప్పేది.

"రెండేళ్ళ నించీ ఇదే వరస. గేటు తోసుకుని వస్తాడు, అక్రోటు మానుకి తాడు చుడతాడు, ముసలమ్మ మెడకేసి ఒక చూపు చూసి పోతాడు. చెక్క పిచ్చి ముదిరితే ఇంతేనమ్మా. మనిషి కనపడదు, మానే కనపడుతుంది!"

అక్రోటు నాటినవాళ్ళు, మాను తమ మెడంత లావైన ఏడాది దాటరని అక్కడి నమ్మకం. అందుకే వయసులో ఉన్నవాళ్ళెవరూ ఆ కాయ నాటరు. రోజులు దగ్గరపడ్డ ముసలివాళ్ళని బతిమాలి నాటిస్తారు. స్తానా పెరట్లో పన్నెండేళ్ళ కిందట మొలిచిన చెట్టుని ఆమె కాక ఇంకెవరు నాటి ఉంటారు?

ఆమె మనవరాలు యోవ్కా ఈ మాటలన్నీ వినేది. రొట్టె సంచీలో వేసుకుని తలొంచుకుని వచ్చేసేది. నానమ్మ తుంటి విరిగిన ఏడు బడి మానేసిన పిల్ల. పంతొమ్మిదేళ్ళొచ్చినా ఊళ్ళో ఆమె నోరు విప్పే చోటు ఒక్కటే, పక్కింటి మిన్యో తాత పనిగది.

మిన్యో ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. ఆ రోజుల్లోనే, ఆఖరి స్టాపులో బస్సు ఆపుకుని చాకుతో చెంచాలు చెక్కేవాడు. ఉద్యోగం దిగిపోయాక మేకల కొట్టం కడిగించి ఉలులు, చిత్రికలు, రంపాలు గోడకి వరసగా తగిలించుకున్నాడు. అమ్మకానికి ఒక్క వస్తువూ చేయలేదు. చేసిన పీటల్లో సగం ఊగేవి. "ఊగకపోతే దాని మీద కూర్చున్నావని నీకెలా తెలుస్తుందే?" అనేవాడు. ఉలి సాన పట్టడం యోవ్కాకి నేర్పాడు. ముంజేతి మీద నూగు గీకి చూపిస్తేనే పదునెక్కినట్టు ఒప్పుకునేవాడు. రెండేళ్ళ కిందట పుట్టినరోజులా జరుపుకునే ఆమె పేరు పండక్కి రేగుపండు రంగు చెక్కతో పూసల దండ చేసిచ్చాడు.

ఆ ఏడు మంచు కరిగినా నానమ్మ దగ్గు తగ్గలేదు. మిన్యో ఒక్క నెలలో మూడుసార్లు తాడు పట్టుకుని వచ్చాడు. మూడోసారి చెట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"స్తానా, ఈ చెట్టు నాకిచ్చెయ్."

"ఏం చేస్తావోయ్ దాంతో? రొట్టెల కర్రకి తప్ప దేనికొస్తుంది?"

"దేనికో దానికి. ఇంక వేలెడే ఉంది."

"వేలెడేంటి?"

మిన్యో ముసలమ్మ కుర్చీ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. కుర్చీ వెనక నిలబడ్డ యోవ్కా నానమ్మ భుజం పట్టుకుంది.

"కాకి పడేసిన కాయయ్యా అది. పోయి ఆ కాకి మెడ కొలుచుకో!" అని స్తానా పకపకా నవ్వి, ఆ నవ్వు దగ్గులోకి దిగితే కళ్ళు తుడుచుకుంది.

వేలెడే. ఆ మాట యోవ్కాని అన్నం తిననివ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం మిన్యో ఇంట్లో లేడని చూసి పనిగదిలోకి వెళ్ళింది. తాడు మేకుకి వేలాడుతోంది, రెండు చివర్లా రెండు ముళ్ళు. తెచ్చి మానుకి చుట్టింది. ముళ్ళు ఒకదాన్నొకటి దాటి వేలెడు మిగిలాయి.

ఇంట్లో నానమ్మ కుర్చీలో కునుకు తీస్తోంది. నిద్ర చెదరకుండా తాడు ఆమె మెడకి పెట్టింది. బొద్దుమెడ. ముళ్ళ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. చెట్టు ఇంకా ఎంతో లావెక్కాలి! యోవ్కాకి ప్రాణం లేచొచ్చింది.

మరి ఈ కొలత ఎవరిది?

అప్పుడు గుర్తొచ్చింది పూసల దండ. దానికి ముందు ఆమెని పీట మీద కూర్చోబెట్టి, మెడ చుట్టూ తాడు పెట్టి, రెండు ముళ్ళు వేసిన చేతులు. మెల్లగా తన మెడకి చుట్టుకుంది. ముడికి ముడి సరిగ్గా కలిసింది.

పెరట్లో రంపం మోత మొదలైంది. యోవ్కా బయటికి పరిగెత్తింది.

మిన్యో అడక్కుండానే మోకాళ్ళ మీద కూర్చుని కోస్తున్నాడు. ఆమె చేతిలో తాడు చూశాడు. రంపం ఆపలేదు.

"తాతా, దీన్ని నాటింది..."

"నోటితో అనకు! అవతలికి జరుగు, పడుతుంది."

పడింది. స్తానా ఉలిక్కిపడి లేచి అతని ఏడు తరాల్నీ తిట్టింది. "చూశారా, ముసల్ది పోయేదాకా కూడా ఆగలేకపోయాడు" అంది కునా మర్నాడు రొట్టె కోస్తూ.

ఆ మాను మిన్యో గోడ పక్కనే పడి ఉంది. అంత సన్నటి మానులో పీటకి సరిపడా పలక కూడా రాదు. అతను దాని మీద చిత్రిక పెట్టలేదు. వారం తిరక్కుండా మోడు పక్కనుంచి చిగుళ్ళు లేచాయి. అప్పట్నించి రోజూ పొద్దున్నే చాకుతో వచ్చి వాటిని గీకేస్తున్నాడు. తాడు యోవ్కా తిరిగి ఇవ్వలేదు, అతను అడగలేదు.

ఆ కాయ నాటింది యోవ్కాయే. ఏడేళ్ళప్పుడు, ఆటగా చెక్క చెంచాతో గుంట తీసి, ఆనక మరిచిపోయింది. చెంచా, కాయ, రెండూ ఆమె చేతికిచ్చింది మిన్యో.