మా కోసం పడ్డ మేడం

మా జూడో మేడం పోయారు. గురువారం పొద్దున్నే నేను షాపు ముందు కళ్ళాపి చల్లుతుంటే ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క ఎలిపోనాదమ్మా" అన్నాడు. అతని వెనక ఆస్పత్రి వరండాలో ఎవరో స్టీలు క్యారేజీ మూత తీస్తున్న చప్పుడు వినపడింది. "వస్తన్నాను" అని, చేతిలో బకెట్టుతోనే రోడ్డు మలుపు దాకా నడిచాను. పక్క మందుల షాపాయన వెనకే వచ్చి బకెట్టు అందుకున్నాడు.

శ్రీకాకుళంలో చాలామందికి ఆవిడ గవర్నమెంటు హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా తెలుసు. సొంతూరు కోటబొమ్మాళి వైపు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక నాగావళి గట్టు దగ్గర, మా పేటలో పాడుబెట్టిన సామాజిక భవనాన్ని అడిగి తీసుకుని, బూజులు దులిపించి, సాయంత్రాలు పిల్లలకి జూడో నేర్పేవారు. సంతాప సభలో ఆవిడ గురించి ఎందరో మంచి మాటలు చెప్పారు. నన్నూ రెండు ముక్కలు మాట్లాడమన్నారు. లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాను. అక్కడ నోట రానిది ఇక్కడ రాస్తున్నాను.

నాది చిన్న టైలరింగ్ షాపు. ముందు గదిలో మిషను, వెనక గదుల్లో మా కాపురం. ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు, "పిల్లలకి జాకెట్లు కుట్టాలమ్మా" అన్నారు.

"ఆది జాకెట్టు తెచ్చారా మేడం?" అన్నాను అలవాటుగా.

సంచిలోంచి తీసి బల్ల మీద పడేశారు. గోనెపట్టాలా మందంగా ఉన్న తెల్ల కోటు. మెడపట్టీ నా వేలంత లావుంది. దానికి గుండీలు లేవు, హుక్కులు లేవు. నేను తెల్లమొహం వేసేసరికి ఆవిడ పగలబడి నవ్వారు.

"ఏటలా సూస్తావు? జూడో జాకెట్టే ఇది. బజార్లో కొనాలంటే మా పిల్లల వల్ల కాదు. నువ్వు కుట్టగలవేటి?"

ముతక గుడ్డ తెచ్చి, రెండేసి కుట్లు వేసి, ఒకటి తయారుచేశాను. ఆవిడ వచ్చి ఒక కొస నాకిచ్చి, రెండో కొస తాను పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. భుజం దగ్గర పర్రుమని చిరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం, "నీ కుట్టు తప్పు కాదే. ఇదెక్కడ లాగుడు పడతాదో నీకు తెలీదు. సాయంత్రం వచ్చి సూడు" అన్నారు.

చూడ్డానికే వెళ్ళాను. నేలంతా పీచు పరుపులు పరిచి, పైన టార్పాలిన్ బిగదీసి కట్టి ఉంది. పిల్లలు ఒకరి కోటు ఒకరు పట్టుకుని ఈడ్చుకుంటున్నారు. నేను గోడవార నిలబడి భుజం కుట్టుకేసి చూస్తుంటే ఆవిడ నాకేసి తిరిగారు.

"సెప్పులిప్పి రా."

"నాకెందుకు మేడం, ముప్పై అయిదు దాటేయి."

"నీ వయసెంతో నేలకేటి తెలస్తాది? రా."

ఆ రోజంతా పడటమే నేర్పారు. గొంతుక్కూర్చుని, గడ్డం గుండెకి ఆనించి, బొడ్డుకేసి చూస్తూ వెనక్కి దొర్లాలి. దొర్లుతూ రెండు చేతులతో నేలని చరచాలి. "తల సూసుకో. మిగతాది నేల సూసుకుంటాది" అనేవారు. వినడానికి తేలికే. నాకు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పడకుండా ఉండటమే అలవాటు. వెనక్కి వాలగానే ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయేది. నా పక్కన ఒక చిన్నపిల్ల సొరకాయలా దొర్లుతుంటే నేను కూర్చున్నచోటే కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆవిడ వచ్చి నా వీపు వెనక అరచెయ్యి పెట్టారు. "పడ్డం సిగ్గుసేటు కాదే. నా చెయ్యుంది, ఒగ్గీ" అన్నారు. ఒళ్ళు వదిలేసి ఒగ్గేశాను.

మోచేతులు గీరుకుపోయి ఇంటికెళ్తే మా అత్త చూసింది.

"ఒలే, ఏటిది? ఏ ఎముకో ఇరిగితే ఆ మిషను నాను తొక్కాలా?"

మర్నాడు మేడం మా ఇంటికే వచ్చేశారు. నా గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మా అత్త కింద కూర్చుంటే లేవలేక గోడ పట్టుకు పాకడం చూసి, ఒక మోకాలు ఎలా ముందు పెట్టాలో, చెయ్యి ఎక్కడ ఆనించాలో చూపించి, తనతో పాటు లేపారు. అప్పట్నుంచి సాయంత్రమయ్యేసరికి మా అత్తే నన్ను తరిమేది. "బేగెల్లే. ఆ డ్రిల్లు మేడం సూస్తంటాది."

పడటం వచ్చాక పడేయడం. కొత్తగా వచ్చినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పడేస్తే దెబ్బలు తగులుతాయి, ఎవరికీ ఒడుపు తెలీదు కాబట్టి. అందుకని కొత్తవాళ్ళెవరైనా ముందు మేడాన్నే పడేయాలి. "నన్ను పడీ" అని ఎదురుగా వచ్చి నిలబడేవారు. నేను చెయ్యి పట్టి లాగి, నడుం అడ్డం పెట్టి వంగగానే ఆవిడ నా వీపు మీంచి తిరిగి అవతల పడ్డారు. హాలంతా మోగేలా చప్పుడైంది. నేను బెదిరిపోయి "సారీ మేడం, సారీ" అన్నాను.

"బాగా పడీసినప్పుడు సారీ ఏటే? మళ్ళీ."

మళ్ళీ, మళ్ళీ. నా వెనక పిల్లలంతా వరసలో తోసుకుంటూ ఉండేవారు, తమ వంతు ఎప్పుడొస్తుందా అని. మా అందరికీ అదొక పండగ. అందరిలోకీ నేనే బరువు. పైగా పట్టు వదలాల్సినచోట వదలడం తెలీక ఆవిడతో పాటు నేనూ వెళ్ళి ఆవిడ డొక్కల మీద పడేదాన్ని. కింద నుంచి నవ్వుతూ, "బియ్యం బస్తా, లెగు" అనేవారు.

ఒకరోజు క్లాసు అయిపోయాక చున్నీ మర్చిపోయానని వెనక్కొచ్చాను. మేడం మెట్ల మీద ఒక్కరే ఉన్నారు. నడుం పట్టుకుని, పళ్ళు బిగించి, లేవడానికి ప్రయత్నిస్తున్నారు. నన్ను చూసి మామూలుగా కూర్చున్నట్టు కూర్చుండిపోయారు.

"నీ షాపు పక్కన మందులషాపుంది కదే. నొప్పి బిళ్ళలు తెచ్చి పెట్టు. ఎవలికీ సెప్పకు."

తెచ్చాను. ఆ తర్వాత అడక్కుండానే తెచ్చేదాన్ని. ఇంత మందిలో ఈ పని నాకే చెప్పారని గొప్పగా ఉండేది. మందుల షాపాయన "ఇన్ని ఎవరికమ్మా?" అంటే, "మా మేడానికి, ఆటల మనిషి కదా" అనేదాన్ని. డాక్టరుకి చూపించుకోండి మేడం అని ఒక్కసారి అనలేదు. అంటే తిట్టేవారేమో. తిట్టినా వెళ్ళేవారేమో. వెళ్తే, ఇక పడకూడదని డాక్టరు చెప్పేవాడేమో. అప్పుడప్పుడే నాకు ఆ పట్టు కుదురుతోంది. వీపు మీద మనిషి బరువు లేకుండా తిరిగిపోవడం ఎంత బాగుంటుందో అప్పుడే తెలుస్తోంది. అందుకే నోరు మెదపలేదా? నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాదు అని గట్టిగా చెప్పలేను.

మరుసటి వానాకాలం లైనింగ్ గుడ్డ కోసం స్కూటీ మీద వెళ్తున్నాను. గేదె అడ్డం వచ్చింది, బండి జారింది. గాల్లో ఉన్నంతసేపూ నాకేమీ తెలీలేదు. తెలిసేసరికి రోడ్డు మీద వెల్లకిలా ఉన్నాను. గడ్డం గుండెకి ఆని ఉంది, చెయ్యి తారురోడ్డుని చరిచి తోలు లేచిపోయింది. తల నేలకి తగల్లేదు. తల వెనక జానెడు దూరంలో కల్వర్టు రాయి ఉంది.

కట్టు కట్టించుకుని తిన్నగా మేడం దగ్గరకే వెళ్ళాను. అంతా విని, నన్ను వెనక్కి తిప్పి, జడ పక్కకి తీసి, నా తలంతా వేళ్ళతో తడిమారు. ఎక్కడా బొప్పి లేదని తేలాక కూలబడ్డట్టు కూర్చున్నారు. "టీ తాగుదాం రా" అన్నారు. ఇప్పుడు దువ్వెన పెట్టినప్పుడల్లా నాకు ఆ వేళ్ళే గుర్తొస్తాయి. నా తల నిలబడింది. అందుకోసం ఆవిడ నడుం ఎన్నిసార్లు నేలకి తగిలిందో నేను లెక్కపెట్టలేదు.

పోయిన వేసవిలో ఆవిడ పాదాలు వాచాయి. వయసన్నారు. తిన్నది ఇమడటం లేదు. వేడి చేసిందన్నారు. చివరికి తమ్ముడొచ్చి బలవంతాన ఆస్పత్రిలో చేరిస్తే రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలింది. డాక్టరు ఆవిడ చేతిసంచి చూస్తానన్నాడు. తమ్ముడు బోర్లించాడు. బిళ్ళల అట్టలు మంచం మీద కుప్పగా పడ్డాయి.

"ఇవెవరు రాశారు?"

తమ్ముడు తెలీదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"పోనీ, ఎవరు తెచ్చిచ్చారు?"

నేను ఫ్లాస్కు పట్టుకుని మంచం కాళ్ళవైపు నిలబడి ఉన్నాను. మేడం కళ్ళు తెరవకుండానే, "నానే కొనుక్కున్నాను బాబూ" అన్నారు. నేను అలాగే నిలబడ్డాను.

తర్వాత వరండాలో డాక్టరు వెనక పరుగెత్తి నిజం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఇవొక్కటే కారణమని చెప్పలేనమ్మా. మన జిల్లాలో బిళ్ళ ముట్టనివాళ్ళకీ కిడ్నీలు పోతున్నాయి. కానీ ఇవి మంచి మాత్రం చెయ్యవు" అన్నాడు. ఆ మాటల్లో మొదటి సగం పట్టుకుని కొన్నాళ్ళు తేలికపడదామని చూశాను. రెండో సగం ఊరుకోనివ్వలేదు.

మర్నాడు మేడాన్నే అడిగాను. "బిళ్ళలు తెచ్చింది నేను కదా. అబద్ధం ఎందుకు చెప్పారు?"

"తెచ్చావు. మింగింది నాను కాదేటి?"

"మేం అలా పడేయకపోతే మీకు నొప్పే ఉండేది కాదు కదా మేడం."

"ఎవలో ఒకలు పడాలి కదే. లేపోతే మీకెలగొస్తాది?" అన్నారు. నా ఏడుపు ఆగకపోయేసరికి విసుక్కున్నారు కూడా. "ఏడుస్తే ఏడు, నాకేటి అడ్డం నేదు. అయిదింటికి మాత్రం తలుపు తెరు. పిల్లలు బయట నిలబడకూడదు."

అలా తలుపు తెరవడం నా పనైంది. నాకొచ్చింది పడటం, రెండు మూడు పట్లు. అవే నేర్పుతూ వచ్చాను. డయాలసిస్ లేని రోజుల్లో మేడం ఆటోలో వచ్చి, మెట్ల దగ్గర కుర్చీలో కూర్చుని అక్కణ్ణుంచే అరిచేవారు. తర్వాత అదీ మానేశారు. నేను క్లాసు అయ్యాక వెళ్ళి ఎవరెలా చేశారో చెప్పేదాన్ని. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని ఒక్కటే అడిగేవారు.

ఆవిడ పోయే ముందురోజు, బుధవారం, డయాలసిస్ అయ్యాక చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళాను. మగతగా పడుకుని ఉన్నారు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. నిద్రలోనే ఆవిడ చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంటూ వచ్చి నా కుర్తా చెయ్యి పట్టుకుంది. మోచెయ్యికి కాస్త కింద, గుప్పెడు గుడ్డ చుట్టి పట్టుకునే జూడో పట్టు. ఒంట్లో ఏమీ లేని మనిషికి అంత బలం ఎక్కడిదో. నేను కదలకుండా కూర్చున్నాను. గోడ మీద గడియారం అయిదుకి దగ్గరపడుతోంది.

తమ్ముడు అన్నాడు, "నువ్వెల్లమ్మా, పిల్లలొచ్చేస్తారు. నానున్నాను కదా."

ఒక్కరోజు తలుపు తెరవకపోతే ఏమయ్యేది? పిల్లలు కాసేపు చూసి ఇళ్ళకి పోయేవారు. అప్పుడా ఆలోచన రాలేదు. ఆవిడ మాట నిలబెడుతున్నాననుకున్నాను. చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలే విప్పాను. ఆవిడ లేవలేదు. నుదురు మాత్రం కొంచెం ముడిచారు. ఖాళీ అయిన చేతిని దుప్పటి మీద పెట్టి, "పొద్దున్నే వస్తాను మేడం" అని చెవిలో చెప్పి వచ్చేశాను.

హాలు తెరిచాను. గబగబా జూడో కోటు తొడుక్కుని, కుర్తా గోడ మేకుకి తగిలించాను. పిల్లలు పడ్డారు, లేచారు, అరుచుకున్నారు. చివర్న అందరం వరసగా వంగి దణ్ణం పెట్టి తలెత్తితే గోడ కనపడింది. కుర్తాది నూలు గుడ్డ. ఒళ్ళంతా సాఫీగా జారి తిన్నగా వేలాడుతోంది. కుడి చెయ్యి మాత్రం మోచేతి కింద గుప్పెడంత ముడుచుకుని, ఇంకా ఎవరో పట్టుకునే ఉన్నట్టు, గోడకి కాస్త ఎడంగా నిలబడి ఉంది.