చవకలో నాటు తుపాకి, చాంగీలో

ముందే చెప్తున్నా, సింగపూర్ మొత్తమ్మీద జింకల వేటకి చవకలో మంచి నాటు తుపాకి ఏదో ఎంచి చెప్పగల మొనగాడు ఒక్కడే ఉన్నాడు. వాడు ఇప్పుడు మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. నవ్వకండి! పోటీకి రెండోవాడు లేడన్నది వేరే విషయం. తుపాకి అన్న మాట కాస్త గట్టిగా అంటే రైల్లో పక్కవాళ్లు లేచి వెళ్లిపోయే ఊరిది. ఇక జింకలంటారా, జూలో వాటికి నా గదికన్నా పెద్ద జాగా ఇచ్చారు. అయినా సరే, మొనగాడు మొనగాడే. పోయిన శుక్రవారం ఏం జరిగిందో వింటే మీరే ఒప్పుకుంటారు.

ఇప్పుడు ప్రతి కొట్టువాడికీ వెబ్‌సైట్ కావాలి కదా. అమెరికాలో డేల్ అని ఒక పెద్దాయన. వేట సామాన్ల కొట్టు. ఆయన సైట్ పని చాంగీ బిజినెస్ పార్క్‌లో మా ఆఫీసుకి వచ్చింది. అందులో ఒక పేజీ అచ్చంగా నాది. కొనేవాడు "నా దగ్గర ఇంతే ఉంది, జింకల వేటకి వెళ్లాలి" అని నొక్కితే, కొట్టులో ఉన్న పద్నాలుగు మజిల్‌లోడర్లలోంచి ఒకటి తీసి "ఇదిగో బాబూ, నీకు ఇదీ" అని చూపించాలి. మజిల్‌లోడర్ అంటే మరేం కాదు, మన నాటు తుపాకే. మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, దట్టించాలి. ఒక్కసారి పేలుతుంది. మళ్లీ పేలాలంటే మళ్లీ మొదట్నించీ మొదలెట్టాలి.

పని చిన్నదే. నా ప్రాణం మాత్రం దాని మీదే ఉంది. డేల్ ఓకే అంటే రెండో ఫేజ్ మాకే. అనకపోతే ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు లేకపోతే నా కాంట్రాక్టు లేదు. కాంట్రాక్టు లేకపోతే ఈ దేశంలో ఉండి పనిచెయ్యడానికిచ్చే పాస్ లేదు. క్లెమెంటి ఫ్లాట్‌లో నా పరుపు మీద రూమ్మేట్ ఒకడు అప్పుడే కన్నేసి, "స్ప్రింగులు బాగానే ఉన్నాయా?" అని అడిగాడు కూడా!

మా లీడ్ సుధక్కది అనంతపురం. అక్క నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పింది.

"చందూ, శుక్రవారం పదింటికి డెమో. ఆయప్ప ఒకసారి నో అంటే మళ్లా ఎస్ అనడంట. జాగ్రత్తప్పా."

"నాకొదిలెయ్ అక్కా!" అన్నాను.

ఈ మాట నేను ఎప్పుడన్నా సుధక్క ఒక్క క్షణం కళ్లు మూసుకుంటుంది. ఎందుకో ఇంతవరకూ అడగలేదు.

మూడు వారాలు చదివానండీ. క్లెమెంటి నుంచి ఆఫీసు దగ్గరి ఎక్స్‌పో స్టేషన్ దాకా రైల్లో గంట ప్రయాణం. తుపాకి బొమ్మలున్న ప్రింటౌట్లు ఒళ్లో పెట్టుకుని చదువుతుంటే అటొక సీటు, ఇటొక సీటు వాటంతటవే ఖాళీ అయిపోయేవి. ఆఫీసు రద్దీలో కాళ్లు బార్లా చాపుకుని ప్రయాణం చేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఎంపికకి సూత్రం ఏమిటి? అక్కడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. మొన్న సెల్‌ఫోన్ ఎలా కొన్నాను? ధర తక్కువ, బరువు తక్కువ. తుపాకీ అంతే కదా! అడవిలో భుజాన వేసుకుని తిరగాలి, తేలిగ్గా ఉండాలి. చవగ్గా ఉండాలి. ఇంతకన్నా లాజిక్ ఏం కావాలి? ధరకి ఇన్ని మార్కులు, బరువుకి ఇన్ని మార్కులు అని రాసి మీట నొక్కాను. ఫస్ట్ ర్యాంకు ముప్ఫైరెండు క్యాలిబర్ పిల్లకి వచ్చింది. క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వెడల్పు చెప్పే అంకె. అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా తేలిక. సన్నగా, నాజూగ్గా, పెళ్లిచూపులకి కూర్చున్నట్టుంది. తొలిచూపులోనే ఖాయం చేసేశాను.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు కింద ఫుడ్‌కోర్టుకి వెళ్లాను. జనం కిటకిట. మూల ఒక్క బల్ల ఖాళీగా కనిపించింది. ఇక్కడి పద్ధతి మీకు తెలుసుగా, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి వెళ్తే అది మన పేర రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే. చోప్ చెయ్యడం అంటారు. లక్షాధికారి వచ్చినా ఆ ప్యాకెట్ జరపడు. నా జేబులో టిష్యూలు లేవు. చేతిలో ఉన్న కాగితాల కట్టని బల్ల మీద పెట్టి, దర్జాగా పరోటా క్యూలో నిలబడ్డాను.

పైకాగితం మీద ఏముందో అప్పుడు గుర్తు రాలేదు. కాగితం నిండా తుపాకి బొమ్మ. దాని కింద నా చేత్తో, పెద్ద అక్షరాలతో, ఇంగ్లీషులో: "ఇదే ఫైనల్. తేలిక, చవక. ఈ శుక్రవారం పదింటికి. చందు."

ట్రే పట్టుకుని తిరిగి వచ్చేసరికి బల్ల మీద కాగితాల్లేవు. బల్లలు తుడిచే ఆంటీ నాలుగడుగుల దూరంలో నిలబడి, గుడ్డని గుండెకి హత్తుకుని నా వంక వేలు చూపిస్తోంది.

"దట్ వన్ లా! దట్ బాయ్ లా!"

ఆవిడ పక్కన బిల్డింగ్ సెక్యూరిటీ అంకుల్. తెల్లటి మీసం, చేతిలో నా కట్ట.

"బాయ్, దిస్ యువర్ పేపర్ ఆ?"

"యెస్ అంకుల్. అంకుల్, ఇట్ ఈజ్ జస్ట్ వర్క్..."

"వాట్ వర్క్?"

చూడండి, ఆ ప్రశ్నకి జవాబు నాకు బాగా తెలుసు. కానీ నోరు తెరిస్తే వచ్చింది మాత్రం, "జింక... ఐ మీన్... డీర్... నాట్ హియర్ డీర్..." అని. గాభరాగా ట్రే తిప్పేసరికి కాఫీ పరోటా మీదా, నా చొక్కా మీదా ఒలికింది. ఆంటీ ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది. భయపడ్డప్పుడు మన నోటికి ఏ భాష వస్తుందో తెలుసుగా, "అయ్యబాబోయ్, అంకుల్, నిజంగా నాకేం తెలీదు!" అనేశాను.

అంకుల్ మీసం కదిలింది.

"ఏటి, తెలుగోడివా?"

నేను ట్రేతో సహా కూలబడ్డాను. ఆయన పేరు అప్పలసామి. వాళ్ల నాన్న చిన్నప్పుడే పర్లాకిమిడి వైపు నుంచి ఓడెక్కి ఇక్కడి రేవులో పనికి వచ్చాడట. అంకుల్ పుట్టింది ఇక్కడే. తెలుగు మాత్రం వదల్లేదు. కాకపోతే దాంట్లో అరవం, మలాయి కూడా కలిపి కాపురం చేయిస్తాడు.

"మకాన్ తరవాత తిందువుగాని, ముందిది సెప్పప్పా. జింకని కొట్టాలని ఎవుడికిరా ఇంత సరదా?"

చెప్పాను. డేల్, కొట్టు, వెబ్‌సైట్, పదింటి డెమో, నా పాస్, పరుపు అన్నీ చెప్పాను. గోడ మీద గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఆయన తీరిగ్గా రిజిస్టర్ తెరిచి, "గన్ పేపర్ ఫౌండ్. గన్ నాట్ ఫౌండ్" అని రాసుకున్నాడు. తరవాత జేబులోంచి కళ్లజోడు తీసి, నా పెళ్లికూతురి బొమ్మని దగ్గరగా పెట్టుకుని చూశాడు. చూసి పకపకా నవ్వాడు.

"ఓరి గుంటడా, ఇది పిట్టల్ని కొట్టడానికిరా! మా తాతకి ఊళ్లో ఇలాటి నాటు తుపాకే ఉండేదట. సేలో పడ్డ పందుల కోసం. గొట్టంలో బొటనేలు దూరాల అనేవోడు మా నాన్న. దీంట్లో నీ సిటికినేలు కూడా దూరదు."

"అంకుల్, పద్నాలుగింటిని కంప్యూటర్ జల్లెడ పట్టి తీసింది."

"కంప్యూటర్ జింకని సూసిందా?"

"లేదు."

"నువ్వు?"

"జూలో. టికెట్ కొనుక్కుని."

ఇక ఆయన ఆగలేదు. "సవకంటే తుపాకి సవకవడం కాదురా. దాని మేత సూడు. మందు, గుండ్లు, గుడ్డపీలికలు, అన్నీ కలిపి లెక్కెయ్యి. ఒక్కటే దెబ్బ, తప్పితే జింక నీకోసం కాసుక్కూసోదు. ఇంక ఆ మందు మసి ఉంది సూడు, రేతిరికి తోమకపోతే తెల్లారేసరికి ఇనప గొట్టాన్ని తినేస్తది. తోమలేక మా తాత సగం రోజు తిట్లు తిట్టేవోడంట."

నేను వినయంగా తల ఊపి, మనసులో మాత్రం, పాపం పెద్దాయన, పాతకాలం మనిషి అనుకున్నాను. కాగితాలు లాక్కుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద పరిగెత్తాను.

పది. మీటింగ్ రూమ్. బల్ల మధ్యలో కాన్ఫరెన్స్ ఫోన్. ఒక పక్క సుధక్క, ఇంకో పక్క నేను, నా చొక్కా మీద కాఫీ. డేల్ కొట్టు కట్టేసి ఇంటికి వెళ్లి భోంచేసి కూర్చున్నాడట. ఫోన్లో ఆయన గొంతు వింటే పాత లారీ మెట్ట ఎక్కుతున్నట్టుంది.

"సరే అబ్బాయ్, చూపించు."

బడ్జెట్ కొట్టాను. జింక అని కొట్టాను. మీట నొక్కాను. నా ముప్ఫైరెండు రాణి ఇక్కడ మాకూ, అక్కడ డేల్‌కీ తెర నిండా దర్శనమిచ్చింది.

  ఫోన్లో లారీ మెల్లగా గేరు మార్చింది.

"బాబూ, అది ఉడతల తుపాకి. దాంతో కొడితే జింక పడదు. వెనక్కి తిరిగి, ఎవడ్రా వీడు అని నా మొహం చూస్తుంది. మా దగ్గర దాంతో జింక వేటకి వెళ్తే జరిమానా కూడా వేస్తారు."

సుధక్క ఫోన్ని మ్యూట్‌లో పెట్టింది.

"ముంచితివి కదరా సామీ! మూడు వారాలు ఏం చదివినావు నువ్వు?"

నా కళ్ల ముందు పరుపు, దాని మీద రూమ్మేట్ వెల్లకిలా పడుకుని స్ప్రింగులు పరీక్షించడం కనిపించాయి. వెంటనే ఇంకో గొంతు వినిపించింది. కంప్యూటర్ జింకని సూసిందా?

మ్యూట్ తీసేశాను. సుధక్క కళ్లు మూసుకుంది.

"డేల్, ఇదే మీకు చూపించాలనుకున్నాను. ఒట్టి ధర చూసి కొంటే మనిషి ఇలాగే మోసపోతాడు. మీ పోటీ కొట్టువాళ్లు ఇదే అంటగడతారు. ఇప్పుడు మా పద్ధతి చూడండి."

ఏ పద్ధతి? అక్కడ పద్ధతి లేదు! మాట్లాడుతూనే టైపు చేస్తున్నాను. "మొదటిది, గొట్టం. ఒక్కటే దెబ్బ కాబట్టి చాలినంత ఉండాలి." నలభై అయిదు క్యాలిబర్ కింద ఉన్నవన్నీ కొట్టేశాను. "రెండోది, తుపాకి ధర కాదు, దాని మేత ధర. మందు, గుండ్లు, సామాను కలిపి మొత్తం చూడాలి." అన్నీ కలిపేశాను. "మూడోది, తోముడు. ఆ మసి ఒక్క రాత్రిలో ఇనుముని తినేస్తుంది." తోముడు మాట అంటూ ఉండగానే నా బుర్రలో దీపం వెలిగింది. డేల్ పంపిన షీట్లో ఒక గడి ఉంది, గొట్టం వెనక బిరడా మర చేత్తో తిప్పితే ఊడి వస్తుందా లేదా అని. అదెందుకో తెలియక మూడు వారాలుగా దాన్ని దాచిపెట్టాను. గొట్టాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి తోమనిచ్చి, అంకుల్ వాళ్ల తాత తిట్లు తప్పించే మర అదే! ఊడొచ్చేవాటికి మార్కులు పెంచి, దేవుడి మీద భారం వేసి మీట నొక్కాను.

యాభై క్యాలిబర్ ఒకటి వచ్చింది. ధరలో మూడోది. అందంలో ఆఖరిది, దుడ్డుకర్రలా ఉంది.

 సుధక్క ఒక కన్ను తెరిచింది.

"ఇదే," అన్నాడు డేల్. "పోయిన ఏడు మా బావమరిదికి ఇదే ఇచ్చాను. ఆ మేత మాట బాగుంది, పేజీలో పెట్టండి. మీలో వేటగాడు ఎవరున్నారు?"

"మా సీనియర్ ఒకాయన ఉన్నారు, డేల్. మూడు తరాల అనుభవం."

"ఆయనకి నా నమస్కారం చెప్పు. నాకు ఓకే."

సుధక్క ఫోన్ పెట్టేసి, నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు బాగుపడవప్పా, అయినా బతికేస్తావు," అంది. అనంతపురంలో ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదట.

నేను రెండేసి మెట్లు దిగి పరిగెత్తి, అంకుల్ చేతిలో కాఫీ గ్లాసు పెట్టి, అమెరికా నమస్కారం అందజేశాను. తప్పు ఒప్పుకున్నాను కూడా, మనసులో పాతకాలం మనిషి అనుకున్నానని.

"పాతకాలం తుపాకికి పాతకాలం మనిషి కాకపోతే ఎవుడు సెప్తాడ్రా?" అని, ఆంటీని పిలిచి మలాయిలో ఏదో చెప్పాడు. ఆవిడ నవ్వి, నా బల్ల తనే తుడిచింది. ఆ గౌరవం అందరికీ దక్కదు.

మంగళవారం కల్లా నా కాంట్రాక్టు పొడిగించారు. మెయిల్లో నా పేరు కింద "డొమైన్ ఎక్స్‌పర్ట్, మజిల్‌లోడర్స్" అని నేనే పెట్టుకున్నాను. ఎవరూ తియ్యమనలేదు. అందుకే ఇందాక మొనగాణ్ణి అన్నాను, ఊరికే కాదు!

సరే, మీరు నా వాళ్లు కాబట్టి, ఇది కూడా చెప్పేస్తాను. బుధవారం పొద్దున డేల్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. "సైట్ బాగుంది బాబూ. ఒక్క సందేహం. నా పద్నాలుగు తుపాకులకీ గొట్టాలు రెండేసి అని రాశావేం? నాకు తెలిసి ఒక్కొక్కదానికి ఒక్కటే ఉంది."

బొమ్మలో పెద్ద గొట్టం కింద సన్నగా ఇంకోటి ఉంటుందండీ. అది మందు దట్టించే కడ్డీ అట. నేనేమో మూడు వారాలుగా పెద్ద గొట్టం పెద్ద జింకకి, చిన్న గొట్టం దాని పిల్లకి అనుకుంటున్నాను.