‘ఇబ్బందేమీ లేదు’ అన్న రెడ్డెమ్మ

పుంగనూరులో మా ఆసుపత్రి పెట్టిన వైద్య క్యాంపులో రెడ్డెమ్మ పాదం మీద నేను బొటనవేలితో నొక్కి తీసినప్పుడు అక్కడ చిన్న గుంట పడింది. అది పూడలేదు, ఒంట్లో నీరు చేరిందన్నమాట. చెప్పులు కాళ్ళకు పట్టక చేత్తో పట్టుకుని వచ్చిన మనిషి ఆమె. అంతకు కాసేపటి ముందే నా ప్రశ్నలన్నిటికీ ఆమె ‘ఇబ్బందేమీ లేదు’ అని జవాబిచ్చింది.

అప్పుడు వేసవి మొదలవుతోంది. మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్టుని. చిన్నవాడి కాన్పు సెలవు ముగించుకుని వెళ్ళేసరికి నన్ను కటి కండరాల విభాగంలో వేశారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. ఈ వయసుకే రిటైరయ్యావా అని చుట్టాలు ఎగతాళి చేస్తుంటారు. ఆ విభాగంలో నేనేం చేసేదాన్నో వాళ్ళలో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడం కష్టమే.

పొత్తికడుపు అడుగున కొన్ని కండరాలు వలలాగా అల్లుకుని మూత్రాశయాన్ని, గర్భసంచిని, పేగు చివరి భాగాన్ని మోస్తుంటాయి. కాన్పులతో, బరువులు ఎత్తడంతో, వయసుతో ఆ వల వదులవుతుంది. మొదట దగ్గినా తుమ్మినా మూత్రం జారుతుంది. ముదిరితే గర్భసంచే కిందికి దిగుతుంది. డాక్టరమ్మ పరీక్ష చేసి అది ఎంత దిగిందో నిర్ణయిస్తారు. కండరాలను బిగించే వ్యాయామాలు నేర్పడం నా పని. దానితోపాటు ‘జీవన నాణ్యత’ ప్రశ్నావళి నింపించే బాధ్యత కూడా నాదే. ఈ జబ్బు వల్ల ప్రయాణాలు మానుకున్నారా, శుభకార్యాలకు వెళ్ళడం తగ్గించారా, నిద్ర పడుతోందా అని వరసగా అడగాలి. అస్సలు లేదు, కొంచెం, ఓ మాదిరి, చాలా అన్న నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. వాటిని బట్టి మార్కులు. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళను కుప్పంలోని పెద్దాసుపత్రికి ఆపరేషన్ కోసం ముందు పంపేవాళ్ళం. క్యాంపుకు వచ్చినవాళ్ళను డాక్టరమ్మ పరీక్ష చేసేది కూడా ఆ వరసలోనే.

ఆ వారంలోనే మదనపల్లెలో బట్టల అంగడి వాళ్ళ ఇంటి కోడలు ఒకామె దాదాపు ప్రతి ప్రశ్నకూ ‘చాలా’ అంది. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసింది, కారులో బెంగుళూరు ప్రయాణమంటే వణుకుతోంది, తడిసిన బట్టలు పనిమనిషి కంటపడకుండా తానే ఉతుక్కుంటోంది. ఆమె బాధ నిజం. అందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు.

రెడ్డెమ్మది సదుం వైపు పల్లె. యాభై దాటి ఉంటాయి. ప్రయాణాలు మానుకున్నారా అని అడిగితే నవ్వింది. “మేము యాడికి పోతాం పాపా? పొద్దన్నే పాల కేంద్రానికి పోతా, వస్తా. అంతే.”

“పెండ్లిండ్లకు?”

“పిలిస్తే ఆయప్ప పోతాడు. ఆవును ఇడిసిపెట్టి నేనెట్ల పోయేది?”

“నిద్ర పడుతోందా అక్కా?”

“పడుకుంటే పీనుగే. ఇబ్బందేమీ లేదు.”

అన్నీ ‘అస్సలు లేదు’లే. ఆ రోజు వచ్చినవాళ్ళందరిలో తక్కువ మార్కులు ఆమెవే, అంటే వరసలో చివరి మనిషి ఆమె. లేచి చెప్పులు చేతిలోకి తీసుకుంటుంటే నా చూపు పాదాల మీద పడింది. మళ్ళీ కూర్చోబెట్టి నొక్కి చూశాను. ప్రశ్నావళిలో లేని ప్రశ్న ఒకటి అడిగాను, ఒంటికి ఎలా పోతారని.

“సెయ్యి పెట్టి లోపలికి తోసుకుంటే వస్తాది. అందురికీ అంతే కదా పాపా, ముగ్గుర్ని కన్నాక? ఈ మద్దిన తోసినా సుక్కసుక్కే వస్తాంది.”

వరస పక్కన పెట్టి డాక్టరమ్మను పిలిచాను. ఆమె చూసి నాలుగో దశ అన్నారు. గర్భసంచి పూర్తిగా బయటికి వచ్చేసింది. అంత జారినప్పుడు మూత్రాశయం కూడా దానితో దిగుతుంది. మూత్రపిండాల నుంచి వచ్చే గొట్టాలు మెలిపడి మూసుకుపోతాయి. అదే రోజు మదనపల్లెకు తీసుకుపోయి స్కానింగ్ చేయిస్తే రెండు మూత్రపిండాలూ ఉబ్బి ఉన్నాయి. అవి దెబ్బతింటున్నాయని రక్తపరీక్షలో కూడా తేలింది. డాక్టరమ్మ గర్భసంచిని లోపలికి నెట్టి, అది జారకుండా సిలికాన్ రింగు అమర్చి పంపారు. రెండు రోజులకే పాల క్యాను ఎత్తినప్పుడు రింగు ఊడిపోయి, ఆమె భర్తతో మళ్ళీ మా ఆసుపత్రికి వచ్చింది. ఇక ఆపరేషన్ ఒక్కటే దారి. ఆలస్యమైతే మూత్రపిండాలు తిరిగి కోలుకోవు.

రెడ్డెమ్మ రానంది.

“ఈనిన ఆవు అమ్మా. నా సెయ్యి తప్ప ఇంగో సెయ్యి తగిల్తే తంతాది. పిండకుంటే పొదుగు గడ్డ కడతాది. నేను కుప్పంలో పండుకుంటే దాన్ని ఎవురు సూసేది?”

మరి మీ కిడ్నీలను ఎవరు చూస్తారని డాక్టరమ్మ అడిగారు.

“అయ్యి కనపడవు కదమ్మా. ఆవు కనపడతాంది.”

ఆపరేషన్ తర్వాత నెలన్నర పాటు క్యాను, బిందె, గడ్డిమోపు ఏదీ ఎత్తకూడదని చెప్పాక కొంగు దులుపుకుని బయటికి నడిచింది. ఆమె భర్త గంగులప్ప ఆడవాళ్ళ సంగతని వరండాలోనే నిలబడి ఉన్నాడు. ఆయనకు గర్భసంచి గురించి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మీ బోరు పైపు మూసుకుపోయినా మోటారు ఆపకపోతే ఏమవుతుందని అడిగాను. కాలిపోతాదన్నాడు. మీ ఇంటామెకు లోపల అదే జరుగుతోందన్నాను. ముందు మీ ఇల్లు చూడాలన్నాను. “ఎప్పుడు ఇంటికొస్తావమ్మా?” అని మాత్రం ఆయన అడిగాడు.

ఆపరేషన్‌కు ముందు ఇంటికి వెళ్ళి చూడటం మా పద్ధతిలో ఉంది. మరుగుదొడ్డి ఎలా ఉంది, నీళ్ళు ఎంత దూరం నుంచి మోస్తారు, ఆ పనులు ఎవరు పంచుకుంటారు అన్నవి తేల్చుకోవాలి. పాలు పిండే వేళకు నేను వెళ్ళేసరికి గంగులప్ప అప్పటికే రెండు తన్నులు తిని ఉన్నాడు. ఒక పక్క బకెట్టు బోర్లాపడి ఉంది. ఆవు చెవులు నిక్కించి ఆయన వైపే చూస్తోంది.

పక్కింటి మునెమ్మ గోడ మీది నుంచి కేకేసింది. “దానికి నీ మొగం తెలీదప్పా. ఆయమ్మ నిన్న ఇడిసిన సీర కట్టుకోని పో. వాసన సూసి నిలబడతాది.”

అక్కడ ఇది మామూలు ఉపాయమే. ఇంటామె పుట్టింటికి పోయినప్పుడు కోడలో కూతురో ఆమె చీర చుట్టుకుని పాలు పిండుతారు. ఆ ఇంట్లో కోడలూ లేదు, కూతుళ్ళూ దగ్గర లేరు. మగవాళ్ళు ఆ పని చేయగా మునెమ్మ కూడా చూడలేదట. గంగులప్ప లోపలికి పోయి, పంచె మీదనే రెడ్డెమ్మ ఊదారంగు చీర చుట్టుకుని, తలకు ముసుగేసుకుని వచ్చాడు. మీసాలు మాత్రం ముసుగులో దాగలేదు.

మునెమ్మ ఊరుకుంటుందా? “ఏమ్మే గంగులమ్మా, సీమంతం ఎప్పుడు?”

“నీ బిడ్డను తీసుకోని రా, పాలు తాపతా,” అన్నాడాయన వెనక్కి తిరగకుండా. “నవ్వుకోండి. ఇది సేపితే నాకు సాలు.”

ఆవు చీర కుచ్చిళ్ళను వాసన చూసింది. ముక్కు చిట్లించింది. మళ్ళీ చూసింది. ఆయన రెడ్డెమ్మ పిలిచినట్టే ‘బా, మా తల్లే’ అంటూ దూడను వదిలి, కాసేపటికి పక్కకు లాగి కూర్చున్నాడు. ఆవు చేపింది, పాలు పొదుగులోకి దిగాయి. బకెట్టులో మొదటి ధార పడిన చప్పుడు వినగానే రెడ్డెమ్మ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. ఆపుకోలేక గోడకు ఆనుకున్నాను, మోకాళ్ళు దగ్గరికి బిగించుకున్నాను.

రెడ్డెమ్మ అది చూసింది. “నీకూ ఉండాదా పాపా?” అని మెల్లగా అడిగింది.

“ఏమీ లేదక్కా,” అన్నాను.

“నేనూ అట్లే సెప్తి,” అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. “పొదుగంతా పిండు, మిగిలిస్తే గడ్డ కడతాది. కుప్పానికి ఎప్పుడు పోవాల, సెప్పు పాపా.”

ఆపరేషన్ కుప్పంలో సాఫీగా జరిగింది. గంగులప్ప ఆ నెలన్నర చీరతోనే పాలు పిండాడు. కొన్నాళ్ళకు భుజాన వేసుకుంటే చాలు, ఆవు ఒప్పుకునేదట. రెడ్డెమ్మ కాళ్ళ వాపు తగ్గింది. ఒక మూత్రపిండం బాగుపడింది. రెండోది పూర్తిగా తేరుకోలేదు, మందులు వాడాల్సిందే.

నేను నేర్చుకున్నది ఇది. ఈ జబ్బు వల్ల ఏం వదులుకున్నారని మేము అడిగేవాళ్ళం. వదులుకోవడానికి ప్రయాణాలూ పెళ్ళిళ్ళూ ఉన్న మనిషి జవాబు చెప్పగలదు. పొద్దున లేస్తే పాకకూ పాల కేంద్రానికీ తప్ప ఎక్కడికీ పోని మనిషికి చెప్పడానికి ఏమీ ఉండదు. దాన్ని మేము సుఖమని లెక్క వేశాం. ఆ తర్వాత డాక్టరమ్మ ఎవరినైనా ముందు పరీక్ష చేసి, మార్కులు తర్వాత చూసేవారు. నేను ఎంత ఇబ్బంది అని మొదలుపెట్టడం మానేసి, పొద్దున లేచింది మొదలు ఏమేం ఎత్తుతారు, ఒంటికి ఎలా పోతారు అని అడగడం అలవాటు చేసుకున్నాను.

గంగులప్ప పాలు పిండిన మరునాటి పొద్దున బడి ఆటో రాకముందు పిల్లలిద్దరినీ కూర్చోబెట్టాను. మా పాపకు ఆరేళ్ళు, చిన్నవాడికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. మిమ్మల్ని కన్నప్పుడు అమ్మ కడుపు అడుగున కండరాలు వదులయ్యాయని, అందుకే దగ్గితే బట్టలు తడుస్తాయని చెప్పాను. అది మీ తప్పు కాదు, నా తప్పూ కాదు అన్నాను. ఈ రోజు నేను కూడా డాక్టరమ్మకు చూపించుకుంటున్నాను, సాయంత్రం రావడం ఆలస్యమవుతుంది, నాన్న అన్నం పెడతారు, పేచీ పెట్టకుండా తినండి అని చెప్పాను.