ఆఖరి చీటీ

మా చెల్లెలి నోరు ఎంత తెరుచుకుంటుందో నేను సోమవారం సోమవారం కొలిచేదాన్ని. పై వరుసలో ముందు పన్ను అంచు నుంచి కింది వరుసలో ముందు పన్ను అంచు దాకా స్కేలు నిలబెట్టి చూడాలి. ప్రతిసారీ అవే రెండు పళ్ళు. పొద్దున గంజి తాగకముందే చూడాలి. కాస్త కదిలించాక దవడ వదులై అంకె మారుతుంది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఒక వారం ఒక రకంగా, ఇంకో వారం ఇంకో రకంగా తీస్తే అది కొలత కాదు.

ఆమెకు ఎడమ బుగ్గలో పుండు. నలభై ఏళ్ళు ఆకూ వక్కా పొగాకూ దాచుకున్న బుగ్గ. మద్రాసులో ఒక పెద్ద ఆసుపత్రిలో దాన్ని కోసి, తొడ నుంచి కండ తెచ్చి అతికించారు. ఆ తర్వాత ఆరు వారాలు కరెంటు పెట్టారు. రేడియేషన్‌ని మా వైపు అందరూ కరెంటు అనే అంటారు. పుండు పోయిందన్నారు. ముత్తుకూరులో మా ఇంటికి తిరిగొచ్చి రెండు నెలలు తిరగకముందే ఒక పొద్దున ఆమె ఆవలించబోయి, సగంలో ఆగి, బుగ్గ పట్టుకుని కూర్చుంది. ఇడ్లీ తుంచి పెట్టుకుంటే పళ్ళకు తగిలి ఒళ్ళో పడింది. కరెంటు తగిలిన కండరం ఎండిన తోలులా బిగుసుకుపోతుందట. వదిలేస్తే పళ్ళు కరుచుకుని అట్లాగే ఉండిపోతాయట. నోటితో తిండి పోకపోతే ముక్కులో గొట్టం వేయాలి.

ఆ గొట్టం ఆమె వార్డులో చూసింది. ముక్కు దగ్గర ప్లాస్టరు అంటించి, చివర చెవి మీదుగా వేలాడేసి, సిరంజితో గంజి పోస్తారు. చూసిన రోజే నాతో ఒక మాట అంది.

"అది మాత్రం వద్దక్కా. ఆ గొట్టంతో నేను వసారాలోకి గూడా రాను."

ఇంటికొచ్చాక నేను మా చిన్న చెంచా కొలిచాను. దాని లోతూ, దాని మీద నిలిచే మెత్తటి అన్నమూ కలిపి పన్నెండు మిల్లీమీటర్లు. అంతకు దిగితే గొట్టమే. అప్పటికి ఆమె నోరు ఇరవై నాలుగు తెరుచుకుంటోంది. ఆ పన్నెండు గురించి ఆమెకు చెప్పాను. ఆమె చెంచాను అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకా సన్నది దొరకదా అని అడిగింది.

మద్రాసు ఆసుపత్రిలో అప్పుడే ఇలాంటి దవడల మీద ఒక పరిశోధన జరుగుతోంది. దాన్ని చూసే డాక్టరమ్మ చిన్న వయసుది, తడ పక్క పిల్ల. అరవం కలిసిన తెలుగు మాట్లాడేది. మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించింది. దవడ తెరిపించడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఐసుపుల్లలు, ఐసుక్రీముకు గుచ్చే చెక్క పుల్లలే. పుల్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య దోపుకుని ఉంచడం, వీలైనప్పుడు ఇంకో పుల్ల చేర్చడం. రెండోది చేతిలో పట్టే మిషను. నోట్లో పెట్టుకుని పిడి నొక్కితే దవడను కొంచెం కొంచెంగా తెరుస్తుంది. ఏది మేలో ఇంకా గట్టిగా తెలియదు. తెలుసుకోవడానికే కొందరికి ఇది, కొందరికి అది ఇచ్చి, అందరి నోళ్ళూ ఒకే పద్ధతిలో కొలుస్తారు. ఎవరికి ఏది అనేది డాక్టర్లు ఎంచుకోరు.

"చీటీ తీసినట్టు కంప్యూటరే తీస్తుంది, పెద్దమ్మా" అంది ఆ పిల్ల.

చీటీ అన్న మాట వినగానే మా చెల్లెలి ముఖం తేటపడింది. నేను అది గమనించాను గాని, ఎందుకో ఆలోచించలేదు.

మా చెల్లెలు ఇరవై ఏళ్ళకు పైగా చీటీలు నడిపిన మనిషి. నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక పన్నెండు మంది ఆడవాళ్ళు మా వసారాలో చేరేవారు. పేర్లు రాసిన కాగితాలు మడిచి ఇత్తడి చెంబులో వేసి, కుదిపి, ఒకటి తీసేవారు. ఎవరి పేరు వస్తే ఆ నెల డబ్బు ఆమెది. పోర్టుకు పోయే లారీల దుమ్ము పడకుండా చెంబు మీద పమిట కప్పేది చెల్లెలు. వేలం పాట లేదు, తగ్గింపు లేదు. ఆలస్యమైనా అందరికీ వంతు వస్తుంది. పన్నెండో నెల చెంబులో ఒక్క కాగితమే ఉంటుంది. ఎవరి పేరో అందరికీ తెలుసు. అయినా కుదిపి, తీసి, చదివి ఇచ్చేది. ఆ తర్వాత చెంబును చింతపండుతో తోమి అటక మీద బోర్లించేది. మళ్ళీ చీటీ మొదలయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

కంప్యూటరు ఆమెకు పుల్లలు ఇచ్చింది. బాధపడుతుందేమో అనుకున్నాను. రైల్లో గూడూరు దాటాక ఆమె నవ్వు ముఖంతో నా వైపు వంగింది. అప్పటికే మాట పళ్ళ సందుల్లోంచి వచ్చేది.

"మొదట ఎత్తినోళ్ళకి ఏముండాదక్కా. మిషను కొత్తది, యాడ నొక్కాలో వాళ్ళకే తెలీదు. మన వంతు వచ్చేసరికి అందురూ నేర్చుకోనుంటారు."

నాకు అది ఊరికే చెప్పుకునే సముదాయింపు అనిపించింది.

పుల్లల పని తేలిక కాదు. దోపుకున్నప్పుడల్లా ఆమె కళ్ళలో నీళ్ళు నిండేవి. చొంగ కారేది. బొటనవేలితో కింది పళ్ళను పట్టి లాగి, ఇంకో పుల్ల దూర్చేది. మా ఎదురింటామె చూసి, ఈ వయసులో ఐసు తిని పుల్లలు నములుతున్నావా అని ఎకసెక్కం చేస్తే, నీకు కొనీలేదని కడుపుమంట అని చెల్లెలు సైగ చేసింది. మొదటి నెల ఇరవై నాలుగు ఇరవై ఏడు అయ్యింది. మెత్తటి అన్నంలో చేపల పులుసు కలిపి, ముల్లు లేకుండా నేను చూసి ఇస్తే, వేళ్ళతోనే పెట్టుకుని తినింది. రెండో నెల అక్కడే ఆగింది. మూడో నెల ఇరవై రెండుకు దిగింది.

మూడో నెల మద్రాసు వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కొలిచి, స్కేలు తీసి మళ్ళీ కొలిచింది. పుల్లలు మానేశారా అని అడిగింది. మానలేదని నేను చెప్పాను. అప్పుడు చెల్లెలు గొంతు సవరించుకుని అడిగింది.

"పాపా, నా చీటీ ఎప్పుడు తీస్తారు?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఏ చీటీ అంది.

"మిషను చీటీ. మూణ్ణెల్లయింది గదా. నేనేమీ బాకీ పెట్టలా. చెప్పినవన్నీ చేస్తానే ఉండా."

అప్పుడు నాకు అంతా అర్థమైంది. నెల నెలా ఒక పేరు తీస్తున్నారని, మిషను ఒకరి తర్వాత ఒకరికి వస్తుందని, తన పేరు ఇంకా చెంబులోనే ఉందని ఆమె అనుకుంటూ ఉంది. ఆ నొప్పంతా తన వంతుకు కట్టే సొమ్ము అనుకుంది.

డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. ఇది ఆ చీటీ కాదని, ఒక్కసారే తీస్తారని, మధ్యలో మార్చితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదని మెల్లగా చెప్పింది. బలవంతమేమీ లేదు, వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు, వైద్యం ఆగదు అని కూడా చెప్పింది. చెల్లెలు నా వైపు చూసింది. ఆ పిల్ల చెప్పింది సరైన లెక్కే. రెండు వైపులా ఉన్నవాళ్ళను కదపకుండా ఉంచితేనే తేడా తెలుస్తుంది. నేను ఆ మాటే అన్నాను.

"అందురికీ వంతు రాని దాన్ని చీటీ అని ఎట్టా అంటారు?" అని మాత్రం అంది చెల్లెలు. కోపంగా కాదు. ఇరవై ఏళ్ళు ఆ పని చేసిన మనిషిగా అడిగింది.

అయినా మానుకోలేదు. పేరు ఇచ్చాక మధ్యలో తప్పుకునే అలవాటు తనకు లేదంది. ఇంటికొచ్చి పుల్లలు దోపుకుంది.

నాలుగో నెలలో పదిహేడు. చెవి కింద నొప్పి అంది. పుల్లలు ఎన్ని పెట్టినా దవడ కదలలేదు. నోరు తెరుచుకోనందువల్ల డాక్టర్లకు లోపల చూడటమే కష్టమైంది. స్కాను తీశారు. పుండు దవడ వెనక మళ్ళీ మొలిచింది. ఈసారి కోయడానికి వీలు లేని చోట.

డాక్టరమ్మ మమ్మల్ని వరండాలో కాకుండా గదిలోకి పిలిచింది. జబ్బు తిరగబెట్టినవాళ్ళను పరిశోధనలో ఉంచరట. అప్పటిదాకా తీసిన కొలతలు పోవా అని అడిగాను. పోవంది. ఉన్నంతవరకు లెక్కలో ఉంటాయి, ఆ తర్వాత ఎందుకు ఆగిపోయారో రాస్తారు. అది సబబే అనిపించింది. తర్వాత ఆమె అలమారు తెరిచి, గుడ్డసంచిలోంచి మిషను తీసి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. ఇక ఇస్తే తప్పు లేదని, కావాలంటే వాడుకోమని, పెద్దగా మార్పు ఉండకపోవచ్చని చెప్పింది. చెప్తున్నప్పుడు ఆ పిల్ల నేల వైపు చూసింది.

చెల్లెలు పిడి పట్టుకుని రెండుసార్లు నొక్కి చూసింది. తెల్లటి ప్లాస్టిక్కు, చేతికి తేలికగా ఉంది.

"నా చీటీ వచ్చినాది" అంది. పిడి వదిలి, "అయితే చెంబులో ఇంకెవురూ లేరన్న మాట."

నేను ఆ మాటను డాక్టరమ్మకు విడమరిచి చెప్పలేదు.

మిషను తొమ్మిది రోజులు వాడింది. నొప్పి తట్టుకోలేక పక్కన పెట్టింది. ఒక సోమవారం స్కేలు పెట్టి చూస్తే పదకొండు. నేను అంకె చెప్పలేదు. చెంచా తెచ్చి ఆమె తనే పెట్టి చూసుకుంది. అది పళ్ళకు తగిలి ఆగింది. ఆ వారమే నెల్లూరులో ముక్కు గొట్టం వేయించుకొచ్చాం. కారులో పమిట ముఖం మీద వేసుకుని పడుకుంది. వీధి మలుపులో ఎవరో పలకరించినా పమిట తీయలేదు. ఇంట్లోకి వచ్చాక వసారా తలుపు వేయమంది.

మరుసటి ఆదివారం ఆమె చీటీకి పన్నెండో నెల. ఆపరేషనుకు ముందు మొదలుపెట్టింది. ఆసుపత్రుల మధ్య కూడా ఒక్క నెల తప్పకుండా నడిచింది. మిగిలిన పేరు రొయ్యల షెడ్డులో పనిచేసే ఒక మనిషిది. డబ్బు నేను ఆమె ఇంటికి పోయి ఇచ్చొస్తానన్నాను. చెల్లెలు తల అడ్డంగా ఊపింది.

ఆరాధన నుంచి ఆడవాళ్ళు వచ్చి, తలుపు వేసి ఉండటం చూసి, గడప దగ్గరే నిలబడిపోయారు. లోపల చెల్లెలు లేచి, జుట్టు ముడి వేసుకుని, వేలాడే గొట్టం చివరను చెవి వెనక్కి దోపి, పిన్ను పెట్టింది. తలుపు తనే తీసింది. పమిట భుజం మీదే ఉంది. లోపలి నుంచి చెంబు నన్ను తెమ్మంది. ఒక్క కాగితం మడిచి అందులో వేసింది. వసారాలో ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, చెంబు కుదిపింది. లోపల కాగితం ఒక్కటే కాబట్టి చప్పుడు రాలేదు. రొయ్యల షెడ్డు మనిషి చెయ్యి పెట్టి కాగితం తీసి, నాకు ఇచ్చింది. చెల్లెలికి మాట తేటగా రావడం లేదు కాబట్టి పేరు నేను చదివాను.

అందరూ వెళ్ళాక చెల్లెలు చింతపండు తెమ్మని సైగ చేసింది. గొట్టంలోకి మధ్యాహ్నం గంజి పోయాల్సిన వేళ దాటుతోందన్నాను. ఆమె వినలేదు. దొడ్లో కూర్చుని చెంబు తోమింది, కడిగింది. దాన్ని నా చేతికిచ్చి అటక వైపు చూపించింది. నేను బోర్లించేదాకా అక్కడే నిలబడింది.