మూసిన గాలిలో పెళ్లి కేకు

మా నాయన పాత కారు కొన్నాక ఇంజను సంగతి మెకానిక్కుకు వదిలేసి, ఏసీని మాత్రం తన చేతుల్లోకి తీసుకున్నాడు. కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడేదాకా ఆయన పని భూమి లోపలికి గాలి పంపడమే. గోనెగుడ్డ తెరలు కట్టి, చెక్క తలుపులు తెరిచి మూసి, పైనుంచి దిగే గాలిని మనుషులు పనిచేసే చోటికి మళ్ళించేవాడు. పని పోయింది, బుద్ధి పోలేదు. ఇప్పుడు ఆయన ఏలుబడిలో మిగిలిన గని ఈ కారొక్కటే.

ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్ల చొక్కా విప్పి బానెట్ ఎత్తేవాడు. ముందు జాలీ వెనక ఉండే సన్నటి రేకుల మధ్య చిక్కిన దోమల్నీ దుమ్మునీ మెత్తటి బ్రష్‌తో దులిపి, సన్నగా నీళ్ళు పట్టేవాడు. ధార గట్టిగా తగిలితే రేకులు వంగిపోతాయని పైపు ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. చలికాలంలో మేం స్వెట్టర్లలో వణుకుతున్నా వారానికోసారి ఏసీ వేసి మమ్మల్ని లోపల కూర్చోబెట్టేవాడు. వాడకపోతే నూనె తిరగక సీళ్ళు ఎండి, గ్యాసు కారిపోతుందట. అది నిజమే. ఏసీ తిరగడానికి మేమెందుకు కూర్చోవాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంత సేవ చేసినా మా కారు సరిగా చల్లబడేది కాదు. కారణం నాయనే. బయటి గాలిని ఆపి, లోపలి గాలినే మళ్ళీ మళ్ళీ చల్లబరిచే మీట ఒకటి ఉంటుంది కదా, దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి పీల్చిన గాలిని మళ్ళీ పీల్చడం ఆయన దృష్టిలో ఎంగిలి కూడు కంటే హీనం. మే నెల గాలైనా సరే, బయటినుంచి రావాల్సిందే.

"మూసిన గాలి నిద్ర పుచ్చుతాది పాపా. మళ్ళా లెయ్యనీదు," అనేవాడు.

గనిలో ఆయన పక్కన పనిచేసిన మనిషి ఒకడు అట్లాగే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అది తెలుసు గనక నేను వాదించేదాన్ని కాదు. అమ్మ మాత్రం వాదించేది.

ఆ ఏడు ఈస్టర్ అయ్యాక కోలారు పక్కన తమకలో జరిగే ఒక పెళ్లికి కేకు చెయ్యమని అమ్మను అడిగారు. అప్పటిదాకా ఆమె కేకులు మా వీధి దాటలేదు. "ఇది బాగుంటే ఇంగొకరు అడుగుతారు. చెడిందంటే ఈ వీధి పుట్టినరోజులే నాకు గతి," అంది. మూడు అంతస్తులు లేపి, పైన వెన్న ఐసింగుతో గులాబీలు వేసింది.

నేను కారు నడిపాను. నాయన నా పక్కన. వెనక అమ్మ, పట్టుచీరలో, కేకు పెట్టిన చెక్కపలకను పట్టుకుని. మూత పెడితే గులాబీలు నలుగుతాయని కేకును తెరిచే ఉంచింది. బంగారుపేట దాటేదాకా బాగానే ఉంది. దాటాక రోడ్డంతా రాగి పంట పరిచారు. మా జిల్లాలో అది మామూలే. తారురోడ్డే కళ్ళం, పోయే బండ్లన్నీ మేత అడగని ఎద్దులు. పక్కనే ఆడవాళ్ళు చాటలెత్తి తూర్పారపడుతుంటే పొట్టంతా మా మీదికే లేచింది. నాయన కోరుకున్న బయటి గాలి పొట్టుతో సహా ఏసీలోంచి లోపలికి వచ్చింది.

ఒక పొట్టు తునక గులాబీ మీద వాలింది. అమ్మ జడపిన్నుతో తీసేసింది. ఆ వెనకే ఇంకొన్ని వాలాయి.

"ఆ మీట తొయ్యప్పా," అంది అమ్మ.

"వద్దు. కిటికీ గ్లాసులు దించుకుందాం."

"దించు. పెండ్లోళ్ళకు కేకు బదులు రాగిముద్ద పెడదాం."

నవ్వు వచ్చింది గానీ అద్దంలో అమ్మను చూసి మింగేశాను. పై అంతస్తు ఒక పక్కకు జారుతోంది. అమ్మ కళ్ళల్లో నీళ్ళు. రెండు చేతులూ కేకుకు అడ్డం పెట్టి ఉండటంతో తుడుచుకోలేకపోయింది.

నాయన వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత తనే చెయ్యి చాపి మీట తోశాడు.

పొట్టు ఆగింది. కారు చల్లబడింది. అది అంత చల్లగా ఉండగలదని మాకు ఆ రోజే తెలిసింది. నాయనకు మాత్రం నుదుటి మీద చెమటలు.

"పాపా, ఉండావా?" అన్నాడు కొంత దూరం పోయాక.

నడిపేది నేను, ఎక్కడికి పోతాను? "ఉండాను నాయనా," అన్నాను.

అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు?"

"ఉండాను. కేకూ ఉండాది."

గనిలో గాలి మీద అనుమానం వస్తే వాళ్ళు ఒకరినొకరు అట్లా పిలుచుకునేవాళ్ళట. తమక చేరేదాకా మాకు హాజరు తప్పలేదు. మొదట్లో అమ్మ విసుక్కుంది. పోను పోను ఆయన అడక్కముందే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఆయన మీద జాలీ, ప్రేమా కలిసి వచ్చాయి.

కేకు కాస్త ఒరిగి చేరింది. అమ్మ రెండు గులాబీలను ఆ పక్కకు మార్చి, ఇప్పటి ఫ్యాషన్ ఇదేనన్నట్టు నిలబడింది. పెళ్లికూతురి మేనత్త తన కొడుకు నిశ్చితార్థానికి అక్కడే ఇంకో కేకు చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఏసీ వేయబోతే అమ్మ వెనకనుంచి నా భుజం తట్టింది.

"వద్దు. గ్లాసులన్నీ దించు."

"పట్టుచీరమ్మా, పొట్టు పడతాది."

"పడనీ."

రాగి కళ్ళం మీదికి వచ్చేసరికి ఆమె జడా, కుచ్చిళ్ళూ పొట్టుతో నిండిపోయాయి. దులుపుకోలేదు. నాయన సీటుకు తల ఆనించి గాఢంగా నిద్రపోయాడు. ఇంటి ముందు ఇంజను ఆపినా లేవలేదు. అమ్మ ముందుకు వంగి ఆయన ముక్కు కింద వేలు పెట్టి, ఊపిరి తగిలేదాకా చూసింది. తర్వాత మళ్ళీ వెనక్కి జరిగి, లేచేదాకా కూర్చుందాం అంది.