రివ్యూలోంచి తీసేసిన పేరా

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉంటే నా పని సాగదు. జనాన్ని భయపెట్టడానికి తయారుచేసిన వీడియో గేములు ఆడి, అవి ఎక్కడ భయపెట్టాయో, ఎక్కడ విసిగించాయో ఒక తెలుగు వెబ్‌సైట్‌కి రాస్తాను. మాది జగ్గయ్యపేట. మా ఆయన ఎరువుల కొట్టు చూసుకుంటారు. నేను ఇంట్లో కంప్యూటర్ ముందుంటాను.

ఆ వానాకాలం ఒక డిటెక్టివ్ గేమ్ మీద రాయాల్సి వచ్చింది. సముద్రం మింగేస్తున్న ఊళ్ళో మనుషులు మాయమవుతుంటారు. వాళ్ళని వెతకాలి. వెతికేకొద్దీ నీళ్ళ అడుగున మనిషి బుర్రకి అందనిదేదో ఉందని తెలుస్తుంటుంది. అప్పటికే వచ్చిన రివ్యూలు అటూ ఇటూగా ఉన్నాయి. ఆధారాలు కలుపుకుంటూ కేసు తేల్చే పద్ధతిని అందరూ మెచ్చుకున్నారు. పోరాటాలు మాత్రం మొద్దుగా ఉన్నాయన్నారు, ఏ ఇంట్లోకి వెళ్ళినా అవే గదులు, అవే కుర్చీలని విసుక్కున్నారు. నాకూ అలాగే అనిపించింది, ఒక్క ఇల్లు తప్ప.

ఆ మధ్యాహ్నం అత్తయ్య నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. తెర మీద డిటెక్టివ్ ఒక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. మోకాలి లోతు నీళ్ళలో ఒక ముసలాయన, గోడకి ఆనుకుని ఒక కాలు మడిచి కూర్చున్నాడు. ముఖం అటు తిప్పి ఉంది. నీళ్ళు గడప దాటాయనీ, తలుపు తియ్యమనీ ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు. ఒళ్ళు జలదరించింది. ఇంత మంచి సీన్ గురించి ఎవరూ రాయలేదేమిటా అనుకున్నాను.

అత్తయ్య చేతులు ఆగిపోయాయి.

"మా తమ్ముడి గొంతమ్మా అది."

"గేమ్ అత్తయ్యా. ఎవరో ఇంగ్లీషతను మాట్లాడాడు."

"ఇంగ్లీషేంటి? నీళ్ళు గడప దాటినయ్యి, తలుపు తియ్యక్కా అన్నాడుగా."

అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. ఆ మాటల అర్థం నేను చెప్పలేదు.

ఆమె తమ్ముడు, నేను బాబాయిగారు అని పిలిచే ఆయన, నందిగామలో ఒంటరిగా ఉంటారు. ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. నిద్రపోతుంటారన్నాను. అత్తయ్య కుదురుగా కూర్చోలేదు. గేటు దాకా వెళ్ళడం, రావడం, మళ్ళీ ఫోన్ చేయమనడం. చివరికి మా ఆయన్ని కొట్లోంచి పిలిపించారు.

కారులో నందిగామ బయల్దేరాం. చిల్లకల్లు దాటి హైవే ఎక్కినా ఆమె సీటుకి వీపు ఆనించలేదు. "ఇంకొంచెం తొందరగా పోనియ్ రా," అని మా ఆయన్ని తొందరపెడుతూనే ఉన్నారు. ఈమెకి ఏమైనా అవుతుందేమోనని నాకు భయంగా ఉంది. బాబాయిగారి గురించి కాదు.

ఇంటి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. దాని కిందినుంచి నీళ్ళు మెట్ల మీదికి పారుతున్నాయి.

పక్కింటివాళ్ళతో కలిసి మా ఆయన తలుపు పగలగొట్టారు. బాబాయిగారు బాత్రూంలో జారిపడ్డారు. గోడకి ఆనుకుని ఉన్నారు, ఒక కాలు కింద మడతపడిపోయి. కుళాయి వదిలేసి ఉంది, కిందపడ్డ తువ్వాలు నీళ్ళు పోయే దారికి అడ్డంపడింది. తుంటి ఎముక విరిగిందన్నారు డాక్టర్లు. ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు.

బాబాయిగారు కోలుకున్నాక, అత్తయ్యని పిలిచారా అని అడిగాను.

"పక్కింటోళ్ళని పిలిచి పిలిచి గొంతు పోయిందమ్మా. తర్వాత మనసులో అక్కనే అనుకుంటా ఉన్నా," అన్నారు.

ఈ గొడవంతా రాయకుండా, ఆ సీన్‌ని మాత్రం మెచ్చుకుంటూ ఒక పేరా రాసి రివ్యూ పంపాను. అది వచ్చిన రోజే కామెంట్లు మొదలయ్యాయి. అలాంటి గది గేమ్‌లోనే లేదన్నారు. ఆడకుండానే రాశానన్నారు. ఎడిటర్ ఫోన్ చేశారు.

"రికార్డింగ్ ఉంటే పంపండి మేడమ్. పెట్టేద్దాం, నోళ్ళు మూతపడతాయ్."

మళ్ళీ ఆడి చూశాను. ఆ తలుపు తెరుచుకోలేదు. గోడ మీద వేసిన బొమ్మ లాంటిది అది, దాని వెనక గది లేదు.

ఆడేటప్పుడు తెరనీ, మైకులో పడే మాటల్నీ రికార్డు చేయడం నాకు అలవాటు. ఆ రోజుది తీసి చూశాను. డిటెక్టివ్ మూసిన తలుపు ముందు కదలకుండా నిలబడి ఉన్నాడు. చాలాసేపు సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత అత్తయ్య గొంతు స్పష్టంగా వినిపించింది, మా తమ్ముడి గొంతమ్మా అది, అని. దానికి ముందు ఏ గొంతూ లేదు.

రికార్డింగ్ పంపలేదు. ఆ పేరా తీసేయమన్నాను, తీసేశారు. ఆడకుండా రాసిందనే మాట ఇప్పటికీ అక్కడక్కడా కనబడుతూ ఉంటుంది. నేను చూసే రాశాను. లేనిదాన్ని నేనెలా చూశానో, ఇద్దరం ఎలా విన్నామో మాత్రం చెప్పలేను.